పదును లేని నేలలో దుక్కి

2012 జూన్ ఆఖరులో, గోధుమ కోతలు ముగిసిన మూడో రోజున, తిరుపతయ్యకు యూనివర్సిటీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. పశ్చిమ కాన్సాస్‌లో బెల్‌ఫర్డ్ అనే చిన్న ఊరి శివార్లలో ఉన్న మెట్టసేద్యపు పరిశోధనా క్షేత్రంలో ఆయన ముప్పై అయిదేళ్ళుగా నేల శాస్త్రవేత్త. దుక్కుల మీద నడుస్తున్న పాత ప్రయోగాన్ని ఈ పంటతో ఆపేస్తున్నామని, ఆ నూట యాభై ఎకరాలనూ కౌలుకు ఇస్తున్నామని, ఇన్నేళ్ళ సేవకు కృతజ్ఞులమని అందులో ఉంది.

తిరుపతయ్య దాన్ని ఆఫీసు గుమ్మంలో నిలబడే చదివాడు. రెండోసారి చదవలేదు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పన్నెండు కావడంతో లంచ్ డబ్బా తెరిచి పెరుగన్నం తిన్నాడు. డబ్బా కడిగి బోర్లించి, ఏ మడిలో ఎంత దిగుబడి వచ్చిందో ఆ అంకెలన్నీ సాయంత్రం దాకా కంప్యూటర్‌లో ఎక్కించాడు. ప్రతి కోతకూ చేసే పనే. ఏ తేడా లేకుండా చేశాడు.

భార్య కృష్ణవేణికి నాలుగు రోజులు చెప్పలేదు. దాచాలన్న ఆలోచన కూడా ఆయనకు లేదు. చెప్పాల్సిన సంగతి ఒకటుందని తోచలేదంతే. గురువారం బట్టలు ఉతకడానికి వేస్తూ ఆవిడే జేబులో చూసింది. కృష్ణవేణి ఆ ఊరి ఆసుపత్రి ల్యాబ్‌లో ఇరవై రెండేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. కాగితం మీద ఉన్నది ఒక్క చూపులో గ్రహిస్తుంది.

"ఇదెప్పుడొచ్చింది?"

"సోమవారం."

"ఈరోజు గురువారం."

"ఊ."

ఆవిడ ఇంకేదో అడగబోయి ఆయన ముఖం చూసి మానుకుంది. ఆ ముఖంలో అడగడానికి ఏమీ కనపడలేదు.

ఆ ప్రాంతంలో పడే వానకు ఏటా పంట పండదు. ఒకసారి గోధుమ కోశాక పద్నాలుగు నెలలు నేలను ఖాళీగా ఉంచి, పడిన ప్రతి చినుకునూ అందులో దాచి, మరుసటి ఏడు సెప్టెంబరులో మళ్ళీ విత్తుతారు. ఆ పద్నాలుగు నెలలూ కొయ్యకాళ్ళను ఏం చేయాలన్నదే రైతుల పెద్ద ప్రశ్న. దున్నకపోతే కలుపు లేచి ఉన్న తేమ తాగేస్తుంది. దున్నితే నేల ఆరిపోతుంది, గడ్డి కప్పు పోయి గాలికి మట్టి లేస్తుంది. దీనికి జవాబు కోసమే 1971లో ఆ ప్రయోగం మొదలుపెట్టారు. నాలుగేసి ఎకరాల మళ్ళు ముప్పై ఆరు. పన్నెండింటిని మట్టిని కిందామీదా తిరగేసే పెద్ద నాగలితో దున్నేవారు. పన్నెండింటిలో స్వీప్ అనే పనిముట్టు తోలేవారు. దాని వెడల్పాటి కత్తులు పైపొర కింద నాలుగంగుళాల లోతున పోతూ కలుపు వేళ్ళను తెగ్గోస్తాయి. పైన కొయ్యకాళ్ళు మాత్రం నిలబడినవి నిలబడినట్టే ఉంటాయి. మిగిలిన పన్నెండింటిని అసలు దున్నరు, మందుతోనే కలుపు చంపుతారు.

తిరుపతయ్యది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం పక్క పల్లె. 1977లో ఆ క్షేత్రంలో చేరిన మొదటి వేసవిలో స్వీప్ నడుస్తుంటే చూసి, ఇది మా గుంటకే కదా అనుకున్నాడు. రెండెడ్లు లాగేదానికి బదులు నూట యాభై గుర్రాల ట్రాక్టరు లాగుతోంది, అంతే తేడా.

ప్రయోగానికి ఒక్కటే కట్టుబాటు. ఏ మడికి ఏ దుక్కి రాసిపెట్టి ఉందో ప్రతిసారీ అదే దుక్కి, అదే వారంలో పడాలి. వాన కురిసినా కురవకపోయినా, చేను చూసి మనసు మార్చుకోకూడదు. మార్చుకుంటే పోలిక చెడిపోతుంది. ఆ కట్టుబాటును తిరుపతయ్య ఒక్కసారి కూడా తప్పలేదు. 2002 బెట్టలో, నేల ఇటుకలా ఎండిపోయి ఉన్నప్పుడు కూడా, రాసిపెట్టిన పన్నెండు మళ్ళలో నాగలి దించాడు. అడుగు నుంచి లేచిన మట్టి పెళ్ళలు ఎండకు ఆరి, పగిలి, పొడై, నెల తిరక్కుండా గాలికి లేచి రోడ్డవతల కంచె మొదట్లో మేట వేశాయి. ఆయన ఆ మేట ఎత్తు కొలిచి నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

ఏటా మే నెలలో రైతులు చేను చూడ్డానికి వచ్చేవారు. అన్నీ విని, టోపీ సర్దుకుంటూ ఎవరో ఒకరు అడిగేవారు, "ఇంతకీ డాక్, మీరైతే ఏది చేస్తారు?" తిరుపతయ్య నవ్వి, "అంకెలన్నీ మీ చేతిలో కాగితంలో ఉన్నాయి," అనేవాడు. అది వాళ్ళకు నచ్చేది కాదు. తనకు మాత్రం అలా అనగలగడం ఒక గౌరవంగా ఉండేది. కొలవడం తన పని. ఎంచుకోవడం వాళ్ళ పని.

కౌలు డ్వేన్ క్రామర్‌కు దక్కింది. క్షేత్రానికి ఉత్తరాన ఆనుకుని అతని పొలం. యాభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడతాడు. జూలై రెండో వారంలో పికప్ ట్రక్కులో వచ్చి, తిరుపతయ్య ఆఫీసు సామాను అట్టపెట్టెల్లో సర్దుతుంటే తలుపు దగ్గర నిలబడ్డాడు.

"నాకిలా జరగడం బాగాలేదు డాక్. ఇది ఇంకెవరికో వెళ్ళేలోగా నేనే అడిగాను."

"మంచి పని చేశావు."

"కోషియా కలుపు మోకాలెత్తు లేచింది. ఇంకో రెండు వారాలు ఊరుకుంటే విత్తనం కడుతుంది. మందు కొట్టి చూశాను. ఈ ఎండకు ఆకు గట్టిపడింది, పైన దుమ్ము, మందు పట్టట్లేదు. షెడ్డులో డిస్క్ ఉంది, చిజిల్ ఉంది, మా నాన్న కొన్న స్వీప్ ఉంది. ట్రాక్టరుకు ఏది తగిలించమంటారు?"

తిరుపతయ్య అలవాటుగా పెట్టెలోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. సగటు తేమ, సగటు దిగుబడి, మట్టి నష్టం, అన్నీ మూడు వరుసల్లో ఉన్నాయి. డ్వేన్ దాన్ని చేతిలోకి తీసుకోలేదు.

"ఇది నా ఫ్రిజ్ మీద పదిహేనేళ్ళుగా ఉంది. నేను సగటు అడగడం లేదు. ఈ జూలైలో, ఈ నేలలో, మీరైతే ఏం చేస్తారని అడుగుతున్నాను. ఇప్పుడు ప్రయోగం లేదు కదా."

తిరుపతయ్య కాగితం మళ్ళీ పెట్టెలో పెట్టాడు. కిటికీలోంచి చూస్తే గోధుమ కొయ్యకాళ్ళు పసుపుపచ్చ వెలిసి తెల్లగా మెరుస్తున్నాయి.

"సోమవారం చెప్తాను," అన్నాడు.

ఆ శనివారం కూతురు మృదుల ఫోన్ చేసింది. వేరే రాష్ట్రంలో నేపర్‌విల్ అనే ఊళ్ళో ఒక ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో ఉద్యోగం తనది. బెల్‌ఫర్డ్‌లోనే పుట్టి పెరిగింది.

"నాన్నా, ఆర్ యూ ఓకే? అమ్మ చెప్పింది లెటర్ గురించి."

"బాగున్నాను తల్లీ."

"మీరు బాగుంది అంటారు ఎప్పుడూ. ఇక్కడికి వచ్చేయండి నాన్నా. బేస్‌మెంట్ ఫుల్‌గా మీకోసమే ఉంది. ఏం అంటారు?"

"చూద్దాం."

"చూద్దాం అంటే యస్సా, నోనా?"

ఆయన ఫోన్ కృష్ణవేణికి ఇచ్చాడు.

ఆదివారం పొద్దున్నే పార, కడ్డీ తీసుకుని చేలోకి వెళ్ళాడు. చివర ఉక్కు గుండు ఉన్న నాలుగడుగుల కడ్డీ అది. తేమ ఉన్న నేలలో దిగుతుంది, పొడి తగిలితే ఆగుతుంది. ముందు నాగలి మళ్ళలో గుచ్చాడు. రెండంగుళాల దగ్గర టక్కున ఆగింది. పార మీద నిలబడి తవ్వితే గుప్పెడంత పెళ్ళ ఊడివచ్చింది. కోషియా అక్కడే చిక్కగా ఉంది, మొదళ్ళు బొటనవేలంత లావు. స్వీప్ మళ్ళలో పైన నాలుగంగుళాలు పొడిపొడిగా, దాని కింద గట్టిగా ఉంది. కలుపు అక్కడొకటి ఇక్కడొకటి. పడమటి చివర మాత్రం దట్టంగా లేచింది. దున్నని మళ్ళలో గడ్డి కప్పు తొలగించి చూస్తే కింద నేల చల్లగా తగిలింది. అక్కడ కడ్డీ తొమ్మిదంగుళాలు దిగింది. చేతిలో పిసికితే మట్టి ఉండ కట్టలేదు. వేళ్ళకు మాత్రం కాస్త అంటుకుంది. కలుపు తక్కువే కానీ, ఉన్నవి మందు తిని బతికిన మొండి మొక్కలు.

ముప్పై ఆరు మళ్ళూ తిరిగాడు. తిరుగుతుంటే ఏదో ఒక చోట గుండె పట్టేస్తుందని, కూర్చుండిపోవలసి వస్తుందని అనుకున్నాడు. అలాంటిదేమీ జరగలేదు. ఎవరిదో పొలం చూడ్డానికి వచ్చినట్టుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు చివరి మడి అంచున నిలబడి ఉండగా తెల్ల కారు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. కృష్ణవేణి అద్దం దించింది.

"బయట ఎండ నూట ఆరు డిగ్రీలు. ఫోన్ ఇంట్లో పెట్టి వచ్చినారు. ఎక్కండి."

ఎక్కి కూర్చున్నాడు. ఆవిడ ఏసీ పెంచి మంచినీళ్ళ బాటిల్ చేతికిచ్చింది. కారు కదిలించలేదు.

"బాధగా లేదా మీకు?"

"ఉండాల. యాడుందో తెలీడం లేదు."

"డ్వేన్‌కి ఏం చెప్తారు?"

"ఏది చెప్పినా దానికో నష్టం ఉంది. డిస్క్ తోలితే కలుపు పోతాది, గడ్డి మొత్తం తెగి మట్టిలో కలిసిపోతాది, చలికాలం గాలికి నేల లేస్తాది. చిజిల్ లోతుకు పోయి ఉన్న పిడికెడు తేమ కూడా ఆరబెడతాది. ఏమీ చేయకపోతే కలుపు తాగుతాది. స్వీప్ మంచిదే, కానీ ఇంత గట్టి నేలలో కత్తి దిగుతాదో లేదో."

"ఇవన్నీ నేను వినినవే. వాళ్ళకీ తెలిసినవే." ఆవిడ స్టీరింగ్ మీద చేతులు పెట్టి ఎదురుగా చూస్తూ మాట్లాడింది. "పెళ్ళయిన ముప్పై ఎనిమిదేళ్ళలో ఏం కూర చేసేది అంటే ఏదైనా పర్వాలేదన్నారు. ఇల్లు కొనేటప్పుడు నీ ఇష్టమన్నారు. మృదుల రమ్మంటా రెండేళ్ళాయె, ఊ అనరు, ఊహూ అనరు. నేనేమీ అనుకోలేదు, మీ పద్ధతంతే అని ఊరుకున్న్యా. ఆయప్ప నేరుగా వచ్చి అడిగినాడు. ఆయప్పకైనా ఒక మాట చెప్పండి."

"తప్పయితే?"

"అయితే అవుతుంది. మీ నాయన ఎవురినడిగి గుంటక తోలినాడు?"

తిరుపతయ్య బాటిల్ మూత తీసి రెండు గుక్కలు తాగాడు. తండ్రి పొద్దున్నే చేలోకి పోయి, మడమతో నేలను తొక్కి చూసి, వచ్చి ఎడ్లు కట్టేవాడు, లేదా కట్టేవాడు కాదు. ఎందుకని ఎవరికీ చెప్పింది లేదు. ఆ మనిషి తప్పిన ఏళ్ళూ ఉన్నాయి. తప్పిన ఏడు ఇంట్లో రాగి సంకటే మూడు పూటలా.

సోమవారం తిరుపతయ్యే డ్వేన్ షెడ్డుకు వెళ్ళాడు.

"డిస్క్ బయటికి తీయొద్దు. చిజిల్ కూడా," అన్నాడు. "దున్నని మళ్ళను ముట్టుకోవద్దు. ఉన్న కలుపును మొక్కకు మొక్క చూసి పారతో తీయించు, లేదా అక్కడికక్కడ మందు పోయించు. స్వీప్ మళ్ళలో పడమటి సగం ఒక్కసారి తోలు. నాలుగంగుళాలు, నెమ్మదిగా. తూర్పు సగం అలాగే వదిలెయ్. నాగలి మళ్ళలో ప్రయత్నిద్దాం. కత్తి దిగకపోతే ఆపేద్దాం." కొంచెం ఆగి, "నేనైతే అలా చేస్తాను," అన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చాక కూడా తనది కానట్టే వినపడింది.

డ్వేన్ తల ఊపి, స్వీప్ కత్తులకు పట్టిన తుప్పు గీకడం మొదలుపెట్టాడు.

బుధవారం పొద్దున ఆరింటికి, ట్రాక్టరు రాకముందే, తిరుపతయ్య మళ్ళ మూలల్లో ఉన్న ఇనుప గుర్తులన్నీ పెరికి ట్రక్కులో వేశాడు. ఒక్కో మడికి నాలుగు, కొన్ని రెండు మళ్ళకు ఉమ్మడివి. కొన్నింటిని ఆయనే పాతాడు. గునపంతో కదిలిస్తే తేలిగ్గానే వచ్చాయి.

డ్వేన్ పడమటి చివర నుంచి మొదలుపెట్టాడు. తిరుపతయ్య వెనకాల నడిచాడు. మొదటి యాభై గజాలు కత్తి సరిగా దిగక, నేల మీద జారుతూ కలుపును వంచి వదిలేసింది. చెయ్యి ఎత్తి ట్రాక్టరు ఆపించాడు. మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో లోతు చూశాడు. అంగుళమున్నర కూడా లేదు.

"ముక్కు ఇంకాస్త కిందికి వంచు," అన్నాడు.

డ్వేన్ దిగి రెంచీతో కత్తి వాలు మార్చాడు. ఈసారి పట్టింది. నేల అలలా ఒకసారి లేచి, వెనకాల మళ్ళీ సర్దుకుంది. కోషియా నిలబడే ఉంది, కానీ పట్టి లాగితే వేళ్ళు తెగి చేతిలోకి వచ్చింది. మధ్యాహ్నానికి వాడిపోతుంది. కొయ్యకాళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. ట్రాక్టరు ఒక మడి దాటి, పాత సరిహద్దు మీదుగా, ఇంకో మడిలోకి సాగిపోయింది. ముప్పై అయిదేళ్ళలో ఆ గీత మీదుగా ఏ యంత్రమూ పోలేదు. తిరుపతయ్య చూస్తూ నిలబడ్డాడు. చొక్కా చెమటకు వీపుకు అంటుకుంది. అదొక్కటే తెలిసింది.

పదకొండింటికి నాగలి మళ్ళకు వచ్చారు. అక్కడ కత్తి దిగింది కానీ నేల పలకలుగా లేచింది. ఇంటి పెంకులంత పెళ్ళలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. రెండు మళ్ళు అయ్యాక డ్వేన్ దిగి వచ్చి ఒక పెళ్ళను బూటుతో తన్నాడు.

"ఇలా వదిలేస్తే ఊళ్ళో నవ్వుతారు. డిస్క్ తెచ్చి ఒక్కసారి చితక్కొడతాను."

"వద్దు."

"ఇందులో విత్తనం ఎలా పడుతుంది?"

"విత్తేది ఇంకా పద్నాలుగు నెలలకు. ఇక్కడ ఉన్న కాస్త గడ్డీ పెళ్ళల కింద పడిపోయింది. గాలిని ఆపేది ఇక ఈ పెళ్ళలే. ఇప్పుడు చితక్కొడితే పొడి అవుతుంది, ఫిబ్రవరికి మీ ఇంటి కిటికీ మీద ఉంటుంది. వానా మంచూ పడితే వాటంతటవే విరుగుతాయి."

"పడకపోతే?"

"పడకపోతే పెళ్ళలుగానే ఉంటాయి."

డ్వేన్ చేను వైపు తిరిగాడు. టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "సరే. మిగతా పదీ కూడా ఇలాగే లేపమంటారా?"

"లేపు."

ఆ చలికాలం మంచు సరిగా పడలేదు. ఫిబ్రవరిలో మూడు రోజులు గాలి వీచింది. రెండో రోజు హైవే మూసేశారు. రోడ్డుకు దక్షిణాన డిస్క్ తోలిన పొలాలు గోధుమరంగు పొగలా లేచి, ఊళ్ళో పట్టపగలు వీధిలైట్లు వెలిగాయి. మూడో రోజు తిరుపతయ్య కారేసుకుని చేను దగ్గరికి వెళ్ళాడు. కొయ్యకాళ్ళున్న చోట గాలి పైపైన పోతోంది, కాళ్ళ దగ్గర మట్టి కదలడం లేదు. పెళ్ళలు లేపిన చోట రెండు మూలల్లో కాస్త లేచింది, మిగతాదంతా నిలిచింది. సంతోషించాల్సిన సంగతేనని ఆయనకు తెలుసు. సంతోషం రాలేదు. కానీ ఆ గాలిలో గంటసేపు నిలబడ్డాడు. ఇంటికి పోవాలనిపించలేదు.

ఏప్రిల్‌లో ఇల్లు అమ్మి నేపర్‌విల్ వెళ్ళిపోయారు. వెళ్దామని ఆయనే అన్నాడు. కృష్ణవేణి చపాతీ ఒత్తుతూ ఒక్క క్షణం ఆగి, సరేనని మళ్ళీ ఒత్తింది.

2013 వేసవి చివర్లో రెండు మంచి వానలు పడ్డాయి. పెళ్ళలు కరిగాయి, డ్వేన్ సెప్టెంబరులో విత్తాడు. మళ్ళీ శీతాకాలమంతా పొడిగా పోయింది. 2014 జూలై మొదట్లో ఒక సాయంత్రం అతని నుంచి ఫోన్ వచ్చింది. తిరుపతయ్య పెరట్లో కుర్చీలో ఉన్నాడు. పక్కింటి వాళ్ళ స్ప్రింక్లర్ లాన్ తడుపుతోంది.

"కోత అయిపోయింది డాక్. ఎకరాకు ఇరవై రెండు బుషెళ్ళు. దున్నని చోట ఇరవై ఆరు. పెళ్ళల నేలలో పదిహేను."

బుషెల్ అంటే ఇరవై ఏడు కిలోలు, మంచి ఏడైతే నలభై దాటేది. తిరుపతయ్య ఆ అంకెలు మనసులో ఒకసారి అనుకున్నాడు. "పక్కన వాళ్ళకు?"

"ఒకరికి పద్దెనిమిది. ఒకరు కోయనేలేదు, ఇన్సూరెన్స్‌కి వదిలేశారు. వాళ్ళ నేల వేరు, వాళ్ళకు వడగళ్ళు కూడా పడ్డాయి. ఇంతకీ మనం చేసింది సరైనదేనంటారా?"

"తెలీదు డ్వేన్. తెలియాలంటే పక్కనే వేరేలా దున్నిన మడి ఒకటి ఉండాలి."

"నాకూ అదే అనిపించింది. మళ్ళీ కొయ్యకాళ్ళే ఉన్నాయి. మళ్ళీ పొడే. ఏం తగిలించమంటారు?"

"పార వేసి చూశావా?"

"లేదు. ముందు మీకు చేశాను."

"రేపు పొద్దున్నే నాలుగు చోట్ల తవ్వు. అడుగు లోతు చాలు. మట్టి పిసికి చూడు, వేళ్ళకు అంటుతుందా లేదా చెప్పు. కలుపు ఎంత ఎత్తుందో, విత్తు కట్టిందో లేదో కూడా చూడు. నువ్వు చెప్పింది విని, నేనైతే ఏం చేస్తానో చెప్తాను."

ఫోన్ పెట్టేశాక కృష్ణవేణి వంటింటి తలుపు తీసి ఎవరని అడిగింది. డ్వేన్ అని చెప్పాడు తిరుపతయ్య. పంట ఎట్లా వచ్చిందంట అని అడిగింది.

"బాగా రాలేదంట."

ఆవిడ వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. మరుసటి రోజు చెత్తబండి వచ్చే రోజని గుర్తొచ్చి, కాసేపటికి తిరుపతయ్య లేచి, పక్క గేటు తీసి, బిన్‌ను రోడ్డు దాకా తోసుకెళ్ళాడు.